తక్కెడకు దక్కని విలువ

పాత కంప్యూటరు పత్రికలను కిలోల లెక్కన అమ్మివేసేవారు అనేకులు. వాటిని వెదకి, భద్రపరచి, నలుగురికీ చూపేవారు కొద్దిమంది. ఆ కొద్దిమంది ఓపికమీదనే మన సమీప గతం చాలావరకు ఆధారపడి ఉన్నది.

ఆదివారం ఉదయం. దక్షిణ ఢిల్లీలోని ఆర్.కె. పురంలో ప్రభుత్వ క్వార్టర్ల వరుసల మధ్య ఒక రిక్షా బండి మెల్లగా సాగుతుంది. "కబాడీ వాలా!" అన్న దీర్ఘమైన కేక పై అంతస్తుల దాకా వినిపిస్తుంది. మెట్లు దిగివచ్చిన ఇల్లాలు పురికొసతో కట్టిన కాగితాల కట్టను నేలమీద ఉంచుతుంది. తక్కెడ లేస్తుంది. దినపత్రికలకు ఒక ధర, నున్నని కాగితంమీద అచ్చయిన పత్రికలకు అంతకంటె కొంచెం తక్కువ ధర. కబాడీ లెక్కలో నునుపు ఒక లోపం. బేరం ముగుస్తుంది, బండి కదులుతుంది.

ఇటువంటి కట్టలలో పాత కంప్యూటరు పత్రికలు ఎన్ని పోయినవో ఎవరూ లెక్క వేయలేదు. బదిలీ ఉత్తర్వు రావడం, సామాను కట్టవలసి రావడం, "ఇంకా ఈ పాత పుస్తకాలెందుకండీ?" అన్న ప్రశ్న తలెత్తడం ఒకదాని వెంట ఒకటి జరిగే పనులు. ఆ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం చెప్పగలిగిన గృహస్థులు అరుదు.

అయితే 2005 ఏప్రిల్‌లో ఆ ప్రశ్నకు విచిత్రమైన సమాధానం ఒకటి లభించింది. అమెరికాలోని ఇంటెల్ కంపెనీ ఒక పాత పత్రిక ప్రతికోసం పది వేల డాలర్లు ఇస్తామని బహిరంగంగా ప్రకటించింది. ఆ పత్రిక పేరు 'ఎలక్ట్రానిక్స్'. సంచిక 1965 ఏప్రిల్ 19 నాటిది. ఆనాడు ఫెయిర్‌చైల్డ్ సంస్థలో పనిచేస్తున్న గోర్డన్ మూర్ అందులో ఒక చిన్న వ్యాసం వ్రాశాడు. ఒక చిప్పుమీద పట్టే భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపవుతున్నదనీ, 1975 నాటికి అది 65,000కు చేరగలదనీ ఆయన ఊహించాడు. తరువాత లోకమంతా 'మూర్ సూత్రం' అని పిలిచింది ఈ ఊహనే. మూర్ 1968లో ఇంటెల్ స్థాపకులలో ఒకడయ్యాడు. కాని వ్యాసానికి నలభై ఏళ్లు నిండేవేళకు ఆ సంచిక కంపెనీ వద్ద లేదు. వ్యాసకర్త వద్దనూ లేదు. తన ప్రతిని ఆయన ఎవరికో చదువుకోవడానికి ఇచ్చాడు, అది తిరిగి రాలేదు.

బహుమానం సంగతి బయటపడగానే అమెరికన్ గ్రంథాలయాలు ఉలిక్కిపడ్డాయి. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఉన్న రెండు ప్రతులలో ఒకటి అప్పటికే మాయమైంది. చివరకు కోరిన సంచిక ఇంగ్లండులో దొరికింది. ఒక ఇంజనీరు ఆ పత్రిక పాత ప్రతులను తన ఇంటి నేల చెక్కల క్రింద దాచి ఉంచాడు. ఆయన వాటిని పెట్టుబడిగా ఎంచి దాచలేదు. పారవేయడానికి మనసొప్పక ఉంచుకున్నాడు, అంతే.

ఆర్.కె. పురం రిక్షా బండికీ, ఇంగ్లండులోని ఆ నేల చెక్కలకూ మధ్య ఉన్న దూరమే ఈ కథ.

కంప్యూటరు పొరుగున కాపురం

ఢిల్లీలో కంప్యూటరు పత్రికలు చదివే అలవాటు ఎక్కడ పెరిగింది అని వెదికితే, ఆర్.కె. పురానికి ఒక ప్రత్యేకత కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల నివాసానికై నిర్మితమైన ఈ రామకృష్ణపురంలో ఒకవైపు సెక్టార్ల వారీగా క్వార్టర్లు, మరొకవైపు ఈస్ట్ బ్లాక్, వెస్ట్ బ్లాక్ అనే పేర్లతో కార్యాలయాల బారులు ఉన్నవి. ఆ ఈస్ట్ బ్లాకులోనే 1967లో కేంద్ర గణాంక శాఖకు చెందిన కంప్యూటర్ సెంటర్ ఏర్పడింది. అక్కడ నెలకొల్పిన యంత్రాలు హనీవెల్ 400 రకానివి. దేశమంతటా జరిగిన సర్వేల అంకెలు చిల్లులు పొడిచిన కార్డుల రూపంలో అక్కడికి చేరేవి. అయస్కాంతపు టేపుల చుట్టలపైకి ఎక్కి, పట్టికలై బయటకు వచ్చేవి.

అదే సంవత్సరం హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమైంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు దాని సారథి. 1969లో ఆ సంస్థ టి.డి.సి. 12 అనే కంప్యూటరును వెలువరించింది. ఢిల్లీనుంచి 'ఎలక్ట్రానిక్స్ ఫర్ యు' మాసపత్రిక ప్రారంభమైనది కూడా 1969లోనే. యంత్రాలూ, వాటిని గురించి వ్రాసే పత్రికలూ మన దేశంలో దాదాపు కవలలవలె పెరిగినవని చెప్పవచ్చు.

తెలుగువారికి ఈ పరిసరాలు కొత్తవి కావు. తిరుమల తిరుపతి దేవస్థానాలు 1961లో ఢిల్లీలో నెలకొల్పిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ఇక్కడికి సమీపంలోని ధౌలాకువాలో ఉన్నది. ఉద్యోగరీత్యా ఆంధ్రదేశంనుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా ఈ సెక్టార్లలో కాపురం చేశాయి. గుట్టమీది మలై మందిరంలో దర్శనం చేసుకుని, వచ్చే దారిలో పుస్తకాల దుకాణం వద్ద ఆగడం వారిలో ఎందరికో వాడుక. కొడుకు చదువుకు పనికివస్తుందని తండ్రి కొన్న పత్రిక మంచం క్రిందికి చేరేది. మంచం క్రింద చోటు చాలక అటకమీదికి ఎక్కేది.

1982 డిసెంబరులో 'డేటాక్వెస్ట్' వెలువడింది. 1984 నవంబరులో ప్రభుత్వం కొత్త కంప్యూటరు విధానాన్ని ప్రకటించి దిగుమతుల కట్టుబాట్లను సడలించింది. 1980 దశకం మధ్యలో ఢిల్లీ రైల్వే రిజర్వేషన్ కౌంటర్లలో కంప్యూటర్లు వెలిశాయి. 1987లో 'పీసీ క్వెస్ట్', 1998లో 'చిప్' భారతీయ సంచిక వచ్చాయి. 'చిప్' 2001లో 'డిజిట్'గా పేరు మార్చుకున్నది. అదే 2001లో తెలుగు పాఠకులకోసం హైదరాబాదునుంచి 'కంప్యూటర్ ఎరా' మాసపత్రిక బయలుదేరింది. ఈ పేర్లను వరుసగా చదివితే ఒక దేశం కంప్యూటరుతో పరిచయం చేసుకున్న క్రమం కన్నుల ముందు నిలుస్తుంది.

పొట్టులో దాగిన గింజ

పాత కంప్యూటరు పత్రికలో నేడు చదవడానికి ఏమున్నది? అందులో వర్ణించిన యంత్రాలు ఏనాడో మూలబడ్డాయి. అందులోని సలహాలకు కాలం చెల్లింది. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. ప్రధాన వ్యాసాలలోని సారమంతా తరువాతి పుస్తకాలలోకి ఎక్కింది. ఎక్కడా ఎక్కని సంగతులు వేరే ఉన్నవి. వాటిని ఆనాటి పాఠకుడు పొట్టుగా భావించి పుట తిప్పివేశాడు.

మొదటిది ప్రకటనలు. 1980 దశకపు తొలి సంవత్సరాలలో అమెరికన్ కంప్యూటరు పత్రికలు కొన్ని ఐదువందల పుటలు దాటేవి. అందులో అధికభాగం ప్రకటనలే. ఒక యంత్రం ఏ ధరకు అమ్ముడుపోయిందో, దానితోపాటు ఏమేమి ఇస్తామని కంపెనీ వాగ్దానం చేసిందో, ఎవరిని ఉద్దేశించి అమ్మజూపిందో ఆ పుటలే చెప్పగలవు. ప్రకటనలో మెరిసి, ఎన్నడూ బజారుకు రాని యంత్రాలూ ఉన్నవి. వాటి ఉనికికి మిగిలిన సాక్ష్యం ఆ కాగితమే.

రెండవది పాఠకుల ఉత్తరాలు. 1976 ఫిబ్రవరిలో ఇరవై ఏళ్ల యువకుడు బిల్ గేట్స్ అభిరుచికోసం కంప్యూటర్లు నిర్మించుకునేవారికి ఒక బహిరంగ లేఖ వ్రాశాడు. తాము శ్రమించి వ్రాసిన ప్రోగ్రామును అందరూ డబ్బివ్వకుండా నకలు చేసుకుంటున్నారని అతని ఫిర్యాదు. ఆ లేఖను ప్రచురించినవి చిన్న చిన్న సంఘాల వార్తాపత్రాలు. సాఫ్టువేరు ఉచితంగా పంచుకోవలసిన వస్తువా, వెలకట్టి కొనవలసిన వస్తువా అన్న మహావివాదం ఆ పలుచని కాగితాలమీద మొదలైంది.

మూడవది ప్రోగ్రాముల పాఠాలు. ఆ రోజుల్లో ప్రోగ్రామును పత్రికలో అచ్చువేసేవారు. పాఠకుడు పంక్తి పంక్తీ చూసి తన యంత్రంలో టైపు చేసుకోవాలి. ఒక్క కామా జారితే అంతా వృథా. 'ఇంటర్‌ఫేస్ ఏజ్' అనే పత్రిక 1977 మే సంచికలో ఈ శ్రమను తప్పించడానికి ఒక వింత ఉపాయం చేసింది. పలుచని ప్లాస్టిక్ గ్రామఫోను రికార్డును పత్రికలోనే కుట్టి, ప్రోగ్రామును శబ్దరూపంలో అందించింది. రికార్డును మోగిస్తే ఆ కీచు శబ్దాన్ని కంప్యూటరు వినేది!

మన దేశంలో ఇటువంటి ఘట్టానికి సరిపోలినది 1996లో జరిగింది. 'పీసీ క్వెస్ట్' తన సంచికతో లినక్స్ సీడీని జతచేసి పంచింది. సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చి అప్పటికి ఏడాదే అయింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఆ సేవను ప్రారంభించింది. సెకనుకు 28,800 బిట్లు మోసే టెలిఫోను తీగద్వారా ఆరువందల మెగాబైట్లు దించుకోవాలంటే, తీగ ఒక్కసారైనా తెగకుండా ఉంటేనే, దాదాపు 46 గంటలు పడుతుంది. ఆ భారాన్ని పోస్ట్‌మాన్ సంచి మోసింది. ఎందరో విద్యార్థులు లినక్స్‌ను తొలిసారి చూసినది ఆ బిళ్లమీదనే. నేడు అట్టమీద అంటించిన సీడీతో సహా ఉన్న సంచికకూ, సీడీ ఊడిపోయిన సంచికకూ మధ్య తేడా అందుకే పెద్దది.

వెల ఎలా కట్టాలి?

సేకరణలో అడుగుపెట్టినవారు చేసే మొదటి పొరపాటు పాతదనాన్నే విలువగా భావించడం. లక్షల ప్రతులు అచ్చయిన పత్రిక నలభై ఏళ్లు గడిచినా సులభంగా దొరకవచ్చు. కొద్ది ప్రతులే వచ్చిన పత్రిక ఇరవై ఏళ్లకే అపురూపం కావచ్చు. అనుభవజ్ఞులు కొన్ని ప్రశ్నలు వరుసగా వేసుకుంటారు.

ఇది ఆరంభ సంచికా? 1975 సెప్టెంబరులో వెలువడిన 'బైట్' మొదటి సంచికకు ఉన్న గిరాకీ, 1998 జూలైలో ఆగిపోయేవరకు వచ్చిన తక్కిన సంచికలలో చాలావాటికి లేదు. ఇందులో ఏదైనా చారిత్రక ఘట్టం నమోదైనదా? 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' 1975 జనవరి సంచిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటరును ప్రకటించింది. హార్వర్డ్ కూడలిలోని పత్రికల దుకాణంలో పాల్ ఆలెన్ దానిని కొని, మిత్రుడు గేట్స్ వద్దకు పరుగెత్తాడు. మైక్రోసాఫ్ట్ కథ అక్కడే మొదలైంది. తమాషా ఏమిటంటే, ముఖచిత్రంలోని ఆ యంత్రం ఖాళీ పెట్టె. అసలు నమూనా న్యూయార్కుకు రవాణాలో పోయింది. గడువు ముంచుకురాగా పై డొల్లను మాత్రమే తయారుచేసి ఫోటో తీశారు.

ముఖచిత్రం కళాఖండమా? 'బైట్'కు రాబర్ట్ టిన్నీ వేసిన చిత్రాలను ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నవారున్నారు. 1981 ఆగస్టు సంచికమీద ఆకాశంలోకి లేచే రంగుల బెలూను స్మాల్‌టాక్ అనే ప్రోగ్రాము భాషకు చిహ్నమైపోయింది.

తరువాతి ప్రశ్న పూర్ణత్వం. అన్ని పుటలూ ఉన్నవా? మధ్యలోని ఆర్డరు ఫారం, మడత పటం, రికార్డు, ఫ్లాపీ లేక సీడీ ఉన్నవా? కూపన్లు కత్తిరించారా? చివరి ప్రశ్న స్థితి. వెన్ను విరిగిందా, తేమ మరక ఉన్నదా, తీగ కుట్టు తుప్పుపట్టిందా, పుటలు అతుక్కున్నవా అన్నది చూడాలి. ఇక్కడ గ్రంథాలయపు ప్రతులతో ఒక చిక్కు ఉన్నది. బైండు చేసేటప్పుడు అట్టలనూ, ప్రకటనల పుటలనూ తీసివేయడం చాలా గ్రంథాలయాలలో వాడుకగా ఉండేది. వ్యాసాలు భద్రంగా మిగిలినవి. పైన చెప్పిన 'పొట్టు' మాత్రం పోయింది. అందువల్ల ఇంట్లో అటకమీద యథాతథంగా ఉండిపోయిన ప్రతి ఒక్కొక్కప్పుడు గ్రంథాలయపు సంపుటంకంటె సమగ్రమైన పత్రం కాగలదు.

చందాదారుని చిరునామా చీటీ విషయంలో సేకర్తలు రెండు వర్గాలు. అట్టమీద అంటించిన ఆ చీటీ ముఖచిత్రాన్ని చెరుపుతుంది గనుక వెల తగ్గుతుందని ఒక వర్గం. అది ఆ ప్రతి జీవితచరిత్ర అని రెండవ వర్గం. క్వార్టరు సంఖ్య, సెక్టారు సంఖ్య, 110022 అన్న పిన్ కోడ్ ఉన్న చీటీ, ఆ పత్రిక ఎవరి ఇంటి గడప తొక్కిందో చెబుతుంది. అమ్మేవాడి దృష్టికీ చరిత్రకారుని దృష్టికీ తేడా ఇంతకంటె స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ఎక్కడ వెదకాలి?

ఢిల్లీలో పాత పుస్తకాల పేరు చెప్పగానే దరియాగంజ్ ఆదివారపు బజారు గుర్తుకు వస్తుంది. దశాబ్దాలపాటు కాలిబాటమీద పరచుకున్న ఆ బజారు 2019లో న్యాయస్థానం ఉత్తర్వు దరిమిలా అక్కడినుంచి లేచి, ఢిల్లీ గేటుకు ఎదురుగా ఉన్న మహిళా హాట్‌కు తరలింది. హైదరాబాదులో ఆబిడ్స్ కాలిబాటలు, విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలు ఇదే పని చేస్తున్నవి. అయితే నేర్పరి సేకర్త బజారుకంటె ముందే మేల్కొంటాడు. ఇంటికి వచ్చే కబాడీతోనే స్నేహం చేస్తాడు. "కంప్యూటరు బొమ్మ ఉన్న పుస్తకం ఏది వచ్చినా పక్కన పెట్టు, తూకం ధరకు రెట్టింపు ఇస్తాను" అన్న ఒక్క మాట ఎన్నో సంచికలను కాగితపు గుజ్జు కాకుండా ఆపగలదు. పదవీ విరమణ చేసిన ఇంజనీర్లు, మూతపడిన కంప్యూటరు శిక్షణాలయాలు, కార్యాలయాలు మారుతున్న సంస్థలు తక్కిన వనరులు.

అన్నింటినీ పోగుచేయాలన్న ఆశ కొత్తవారిని ముంచుతుంది. రెండు గదుల క్వార్టరులో అది సాధ్యమూ కాదు. ఒకే పత్రిక వరుస సంచికలు, లేదా ఒకే సంవత్సరంలో వచ్చిన అన్ని పత్రికలు, లేదా భారతీయ ప్రకటనలు, లేదా తెలుగులో వచ్చినవి మాత్రమే అని ఒక గిరి గీసుకోవడం మంచిది. వెంటనే ఒక రిజిస్టరు తెరవాలి. పత్రిక పేరు, నెల, సంవత్సరం, ఎక్కడ దొరికింది, ఎంతకు కొన్నారు, ఏ పుటలు లేవు అన్నవి అందులో వ్రాయాలి. ఈ రిజిస్టరు లేని సేకరణ యజమాని జ్ఞాపకశక్తితోపాటే అంతమవుతుంది.

కాగితానికి ఆయువు

చౌక కాగితం కర్రగుజ్జుతో తయారవుతుంది. ఆ గుజ్జులోని లిగ్నిన్ వెలుగుకూ గాలికీ లోనై పసుపుబారుతుంది. కాలక్రమాన పుట్టే ఆమ్లం కాగితాన్ని పెళుసెక్కిస్తుంది. నున్నని కాగితం పసుపుబారడంలో కొంత నిదానమే అయినా దానికి మరొక శత్రువు ఉన్నది. దానిమీది పూత తడిస్తే జిగురై, పుటలు ఇటుకవలె అతుక్కుపోతాయి. ఢిల్లీ వాతావరణం ఈ రెండింటికీ కఠినమైనదే. మే, జూన్ నెలలలో నలభై డిగ్రీలు దాటే పొడి వేడిమి. వెనువెంటనే వానకాలపు ఉక్క. వేడి కంటె, తేమ కంటె, వాటి ఆకస్మికమైన మార్పు కాగితానికి ఎక్కువ హాని చేస్తుంది. అటక ఎండాకాలంలో కొలిమి అవుతుంది. నేలమీది పెట్టె వానకాలంలో చెమ్మ పీలుస్తుంది. గది లోపలి గోడవైపు, నేలకు జానెడు ఎత్తున ఉన్న అలమర రెంటికంటె మేలు.

మన పెద్దలు తాళపత్రాలను వస కొమ్ముతోను, వేపాకుతోను పురుగుపట్టకుండా చూసుకున్నారు. వారు ఏటేటా గ్రంథాలను విప్పి, దులిపి, నీడపట్టున ఆరబెట్టేవారు. ఆ క్రమశిక్షణ ఈనాటి పత్రికలకూ పనికివస్తుంది. వెండిరంగు పుస్తకాల పురుగుకు చీకటి, తేమ, నిశ్శబ్దం కావాలి. ఆరుమాసాలకొకసారి కదిలించిన అలమరలో అది నిలువదు. సంచికలను ఒక్కొక్కటిగా పాలిస్టరు లేక పాలీప్రొపిలీన్ సంచులలో ఉంచి, వెనుక ఆమ్లరహితమైన అట్ట పెట్టడం నేటి పద్ధతి. పీ.వీ.సీ. సంచులు వాడరాదు, వాటినుంచి వెలువడే ఆవిరులు అచ్చును కరగదీస్తాయి. చిరిగిన పుటకు సామాన్యమైన సెల్లోటేపు అంటించడం మరొక నేరం. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, దాని గోధుమరంగు మరక మాత్రం ఉండిపోతుంది. సీడీలలోని సమాచారాన్ని వెంటనే వేరొకచోటికి నకలు చేసుకోవాలి. బిళ్ల మెరుస్తున్నంతమాత్రాన చదవబడుతుందన్న హామీ లేదు.

నలుగురికీ చూపడం

పెట్టెలో ఉన్నంతకాలం సేకరణ ఒకరి సొత్తు. నలుగురు చూసిననాడే దానికి అర్థం. అయితే ప్రదర్శన కూడా ఒక ప్రమాదమే. అచ్చు రంగులను వెలుగు తిరిగిరాకుండా మాపివేస్తుంది. కాగితపు వస్తువులకు వస్తు ప్రదర్శనశాలలు సాధారణంగా యాభై లక్సుల మసక వెలుతురును, కొద్ది మాసాల గడువును పాటిస్తాయి. ఇంట్లో అయితే కిటికీకి ఎదురుగోడ పనికిరాదు. ఫ్రేములో ముఖచిత్రపు రంగుల నకలు పెట్టి, అసలును అలమరలో ఉంచడం తెలివైన పని. అసలునే పెట్టదలిస్తే మూడు నెలలకొకసారి మార్చాలి.

పాఠశాలలోనో, కాలనీ సమాజ మందిరంలోనో ప్రదర్శన పెట్టేవారు ముఖచిత్రాలతో ఆగిపోకుండా పత్రికలను తెరిచి ఉంచడం మంచిది. ఒక బల్లమీద 1980 దశకపు ప్రకటన, దాని పక్కన ఆ యంత్రం ధర, ఆనాటి ఒక గుమాస్తా జీతంతో పోల్చిన చీటీ ఉంటే చాలు. చూసేవారు అక్కడ గుమిగూడతారు. మరొక బల్లమీద పాత బేసిక్ ప్రోగ్రాము పుట నకలు, ఎదుట ఒక కంప్యూటరు ఉంచి, పిల్లలను టైపు చేయమనవచ్చు. పది పంక్తులు తప్పుల్లేకుండా కొట్టి, తెరమీద బంతి కదలడం చూసిన పిల్లవాడికి తన తండ్రి తరం పడిన పాటు, పొందిన సంతోషం ఏ ఉపన్యాసంకంటెను బాగా తెలుస్తాయి.

తరువాత ఎవరిది?

ప్రతి సేకర్తనూ వెన్నాడే ప్రశ్న ఇది. సంపన్నులకూ దీనినుంచి మినహాయింపు లేదు. ఒకనాడు దుకాణంలో ఆల్టెయిర్ సంచిక కొన్న పాల్ ఆలెన్, కోటీశ్వరుడై, 2012లో సియాటిల్‌లో పాత కంప్యూటర్ల ప్రదర్శనశాలను ప్రజలకు తెరిచాడు. 2018లో ఆయన మరణించాడు. 2020లో ప్రదర్శనశాల మూతపడింది. 2024లో అది ఇక తెరుచుకోదని ప్రకటించి, అందులోని వస్తువులలో అనేకం క్రిస్టీస్ సంస్థద్వారా వేలం వేశారు. పటిష్ఠమైన ఏర్పాటు లేకపోతే అపారమైన ధనం కూడా సేకరణను నిలపలేదు.

మన దేశంలో 1954 నాటి చట్టం, 1956 నాటి దాని సవరణ ప్రకారం ప్రచురణకర్తలు తమ పుస్తకాలను, ప్రజావార్తలుగల పత్రికలను కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు, బొంబాయి, ఢిల్లీలలోని నిర్దిష్ట గ్రంథాలయాలకు ఉచితంగా పంపవలసి ఉన్నది. ఢిల్లీలో ఆ స్థానం 1951లో వెలిసిన ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీది. చట్టం మంచిదే; కాని పంపని ప్రతిని ఏ చట్టమూ అలమరలో చేర్చలేదు. విదేశాలలో అనేక పత్రికల పాత సంచికలను అభిమానులే స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల ఉంచారు. ఆ పనికి కూడా ముందు ఎవరో ఒకరు కాగితం ప్రతిని కాపాడి ఉండాలి.

తెలుగువారికి ఈ దారి కొత్తది కాదు. 1918లో వేటపాలెంలో స్థాపితమైన సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికల సంపుటాలను ఓపికతో దాచింది. నాటి వార్తలు నాడే పాతబడ్డవని దాని నిర్వాహకులు భావించి ఉంటే, తరువాతి పరిశోధకులు ఎన్నో సంగతులకు ఆధారం లేక చేతులు ముడుచుకునేవారు. వారు కాపాడినదానిలో సాహిత్యమెంతో, ధరల పట్టికలూ మందుల ప్రకటనలూ అంతే. కంప్యూటరు పత్రికలకు అటువంటి నికేతనం ఒకటి అవసరమా అన్నది నేటి ప్రశ్న. దానికి పునాది వేయవలసినవారు, ఇప్పుడు అటకలమీద పెట్టెలున్న కుటుంబాలవారే.

సమయం ఎక్కువగా లేదు. ఆర్.కె. పురం పరిసరాలలోని సరోజినీ నగర్, నేతాజీ నగర్ వంటి పాత ప్రభుత్వ కాలనీలను పునర్నిర్మించడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇళ్లు ఖాళీ చేసే రోజున అటకలు మొట్టమొదట దులుపుతారు. 1980లలో చందా కట్టిన యువ ఉద్యోగులు నేడు వృద్ధులు. వారి పిల్లలు బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. పెట్టెలో ఏమున్నదో చెప్పగల మనిషి ఇంట్లో ఉన్నప్పుడే రిజిస్టరులో నాలుగు పంక్తులు వ్రాయించుకోవడం, తరువాత ఏ సంస్థకు ఇవ్వాలో ఒక కాగితంమీద పెట్టడం చేయదగిన పని. దానికి పట్టేది ఒక ఆదివారం.

అటకమీది పెట్టె దించి, దుమ్ము తుడిచి, పైనున్న సంచికను చేతిలోకి తీసుకుంటే అట్టమీద వెలిసిన చీటీ ఒకటి కనిపించవచ్చు. ఒక పేరు, ఒక సెక్టారు, ఒక క్వార్టరు సంఖ్య. ఆ యంత్రం కొనే స్తోమత ఆ చందాదారునికి బహుశా ఉండి ఉండదు. అయినా నెల నెలా దానిని గురించి చదివాడు, చదివినదాన్ని దాచాడు. క్రింద వీధిలో రిక్షా బండి మళ్లీ ఈ ఆదివారం కూడా వస్తుంది.